మెడలో నరం, చేతిలో పట్టు

నొప్పి తగ్గగానే వైద్యం ముగిసిందనుకుంటే అసలు నష్టం చేతి దగ్గర మిగిలిపోతుంది

మొదట జారేది టీ గ్లాసు. ఆ తర్వాత చొక్కా గుండీ పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. తాళం చెవి తిరగనని మొరాయిస్తుంది. నీళ్ల సీసా మూత పక్కవారి చేత తీయించుకోవాల్సి వస్తుంది. ఈలోగా మెడ నుంచి భుజం మీదుగా వేళ్ల దాకా పాకిన సలుపు రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తుంది కాబట్టి, డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు రోగి చెప్పేది నొప్పి గురించే. గ్లాసు సంగతి చెప్పడు. అడిగేవారూ తక్కువే. నొప్పి మాత్రలు, మెడకు కాలర్, పది రోజులు 'కరెంటు' పెట్టించుకోమన్న సలహా. చాలాచోట్ల మందుల చీటీ అక్కడితో పూర్తయిపోతుంది.

రాయ్‌పూర్ లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా' అంటారు, వరి గిన్నె అని. ఆ ధాన్యం మిల్లుకు చేరి, బియ్యమై బయటకు వచ్చేలోగా ఒక్కో బస్తా ఎన్నిసార్లు మనిషి వీపు మీదికో తల మీదికో ఎక్కుతుందో లెక్క లేదు. నగరం అంచున ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో ఉక్కు పరిశ్రమలు నడిచేది కూడా చేతుల బలం మీదే. రైల్వే వ్యాగన్ రిపేరు షాపు సంగతి సరేసరి. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఈ ప్రాంతానికి మధ్య రాకపోకలు పెరిగాయి. రైల్వేలోను, తర్వాతి కాలంలో పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలోను చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. బల్ల ముందు కూర్చునే ఉద్యోగికి చేతిలో పట్టు తగ్గితే ఇబ్బంది. హమాలీకి, ఫిట్టర్‌కు, దర్జీకి అది ఆ రోజు కూలి.

మెడలో ఉండేవి ఏడు వెన్నుపూసలే అయినా అక్కడి నుంచి బయలుదేరే నరాల మూలాలు ఎనిమిది జతలు. వెన్నుపాము నుంచి విడివడి, రెండు పూసల మధ్య ఉండే సన్నటి సందులోంచి ఒక్కో మూలం బయటకు వస్తుంది. ఆ సందు దగ్గర డిస్కు పక్కకు ఉబ్బినా, వయసుతోపాటు పూసల అంచున ఎముక ముల్లులా పెరిగినా నరం నొక్కుకుంటుంది, వాస్తుంది. వైద్యులు దీన్ని సర్వైకల్ రాడిక్యులోపతి అంటారు. జనం నోళ్లలో నానే 'స్పాండిలైటిస్' అన్న మాట చాలాసార్లు తప్పు. వయసు తెచ్చే అరుగుదలకు సరైన పేరు స్పాండిలోసిస్. నెరిసిన జుట్టులాగే అది కూడా ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీస్తే 87.6 శాతం మందిలో మెడ డిస్కులు ఉబ్బి కనిపించాయని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అందుకే ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూసి 'నరం నొక్కుకుంది' అని చెప్పేయడం సగం పనే. ఆ ఫిల్మ్‌లో కనిపించేదీ, చేతిలో కనిపించే లోపమూ ఒకే నరానివో కాదో సరిచూడడం మిగతా సగం.

ఈ సమస్య ఎంత మందికి వస్తుంది, వచ్చినవారు ఏమవుతారు అన్న ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఉదహరించే లెక్క అమెరికాలోని రోచెస్టర్ పట్టణానిది. 1976 నుంచి 1990 వరకు అక్కడ ఈ జబ్బు బారిన పడిన 561 మంది వివరాలను పరిశీలించి 1994లో ప్రచురించిన బృందానికి మొదటి పేరు కూరుపత్ రాధాకృష్ణన్‌ది. తర్వాత తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన న్యూరాలజిస్టు ఆయనే. ఏటా లక్ష మందిలో సుమారు 83 మందికి ఈ సమస్య వస్తోందని, 50-54 ఏళ్ల వయసువారిలో ఎక్కువని, మగవారిలో మరింత ఎక్కువని ఆ అధ్యయనం చెప్పింది. బరువెత్తడమో దెబ్బ తగలడమో కారణంగా కనిపించింది 15 శాతం కంటే తక్కువ మందిలోనే. చివరిసారి చూసేనాటికి 90 శాతం మందికి ఏ బాధా లేదు, ఉన్నా స్వల్పమే. కాకపోతే మూడో వంతు మందికి దగ్గరదగ్గరగా బాధ తిరగబెట్టింది. నాలుగో వంతుకు కాస్త ఎక్కువగా ఆపరేషన్ దాకా వెళ్లారు. అమెరికా పట్టణానికీ రాయ్‌పూర్ బియ్యం మిల్లుకూ పోలిక కుదరదనుకోండి. తల మీద బరువులు మోసేవారి మెడ ఎముకల్లో అరుగుదల ఎక్కువని ఘనా దేశంలో చేసిన పరిశీలన ఒకటి ఉంది. అయినా ఎక్కువ మందికి నయమవుతుందన్న మాట మాత్రం రోగికి మొదటి రోజే చెప్పదగ్గది.

నయమవడం అంటే ఏమిటన్నదే అసలు ప్రశ్న. నొప్పి ఒక దారిన తగ్గుతుంది, బలం ఇంకో దారిన తిరిగివస్తుంది. నరం చుట్టూ వాపు తగ్గితే నొప్పి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నరంలోని తంతువులు దెబ్బతినకుండా వాటి గుండా సంకేతాలు మాత్రమే ఆగిపోతే బలం కూడా వారాల్లోనో నెలల్లోనో వచ్చేస్తుంది. తంతువులే తెగితే కథ వేరు. అవి తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి అరచేతి చిన్న కండరాల దాకా దూరం 70, 80 సెంటీమీటర్లు. లెక్క వేసుకుంటే దాదాపు రెండేళ్లు అవుతుంది. అదృష్టవశాత్తూ చెడిపోకుండా మిగిలిన తంతువులు కొత్త కొమ్మలు వేసి పక్క కండరపు పోగులను కూడా దత్తత తీసుకుంటాయి. కానీ చేతిని వాడకుండా ముడుచుకుని కూర్చుంటే ఆ మిగిలిన కండరం సన్నబడుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. నొప్పి పోయిన మూడు నెలల తర్వాత కూడా గ్లాసు జారుతూనే ఉండడానికి ఒక కారణం ఇదే.

ఏ నరం నొక్కుకుందో చెయ్యే చెబుతుంది. ఆరో మూలం దెబ్బతింటే బొటనవేలి వైపు తిమ్మిరి, మోచెయ్యి మడవడంలో, మణికట్టును పైకి లేపడంలో నీరసం. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే ఏడో మూలమైతే నడిమి వేలు మొద్దుబారుతుంది. మోచెయ్యి చాచి తలుపు నెట్టడం కష్టమవుతుంది, వేళ్లు పూర్తిగా తెరుచుకోవు. ఎనిమిదో మూలమైతే చిటికెన వేలి వైపు మొద్దు. వేళ్లు ముడిచి పట్టుకునే బలం పోయేది ఇక్కడే. దాని కిందిది, అంటే ఛాతీ నరాల్లో మొదటిది, వేళ్లను ఎడంగా చాపే చిన్న కండరాలది.

ఇక్కడ చాలామంది గమనించని తిరకాసు ఒకటుంది. చేతిని కిందికి వేలాడేసి, మణికట్టును లోపలికి పూర్తిగా వంచి, గట్టిగా పిడికిలి బిగించి చూడండి. బిగియదు. అదే మణికట్టును 20 నుంచి 35 డిగ్రీల వరకు పైకి లేపి బిగిస్తే పట్టు వస్తుంది. వేళ్లు ముడిచే కండరాలు నిక్షేపంగా ఉన్నా, మణికట్టును నిలబెట్టే కండరం నీరసపడితే చేతిలో పట్టు ఉండదన్నమాట. పట్టు తగ్గిందని మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటే ఇలాంటి రోగికి ఒరిగేదేమీ లేదు. ముందు మణికట్టుకు బలం రావాలి. అందాకా దాన్ని నిలబెట్టే చిన్న పట్టీ పనికొస్తుంది. బంతి ఇవ్వడం సులభం, ఎవరికివ్వాలో తేల్చుకోవడమే కష్టం.

అందుకే కొలత అవసరం. పట్టును కొలవడానికి జామర్ డైనమోమీటర్ అనే పరికరం ఉంది. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి కూర్చోబెట్టి, మూడుసార్లు పట్టించి సగటు తీస్తారు. రెండు చేతులకూ విడివిడిగా. అది లేని చోట రక్తపోటు చూసే పట్టీని చుట్టగా చుట్టి, 20 మిల్లీమీటర్ల వరకు గాలి నింపి, రోగి చేత పిసికించి ముల్లు ఎంత లేచిందో చూడవచ్చు. అంత కచ్చితం కాకపోయినా అదే పట్టీతో రెండు వారాల తర్వాత మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. వేళ్ల నేర్పును చూడడానికి తొమ్మిది రంధ్రాల పలక, చిన్న పుల్లలు చాలు, చేతి గడియారం ఉంటే సరి. గుండీలు పెట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకున్నా ఫరవాలేదు. నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగే అలవాటు ఫిజియోథెరపీ గదుల్లో బాగానే పాతుకుంది. పట్టు ఎన్ని కిలోలని రాసే అలవాటు అంతగా లేదు.

స్పర్శ గురించి అడిగేటప్పుడు భాష కూడా అడ్డొస్తుంది. తెలుగులో 'తిమ్మిరి' అంటే చీమలు పాకినట్టుండడమూ అవుతుంది, స్పర్శ తెలియకపోవడమూ అవుతుంది. హిందీలో మొదటిది ఝున్‌ఝునీ, రెండోది సున్న్. రాయ్‌పూర్‌లో తెలుగింటి పెద్దావిడ 'తిమ్మిరెక్కింది' అన్న మాటను కొడుకు హిందీలోకి మార్చి చెప్పేటప్పుడు ఈ రెంటిలో ఏది పడుతుందో ఆమె అదృష్టం. దూదితో, గుండుసూదితో రెండు చేతులనూ తాకి చూడడం ఒక్కటే దీనికి మందు.

చికిత్స దగ్గరకు వస్తే, మెడను వదిలేసి చేతికి మాత్రమే చేస్తే చాలదన్నది నిజం. మొదటి వారాల్లో మెడకు ఊరట కావాలి. కాలర్ పూర్తిగా పనికిరానిదేమీ కాదు. నెదర్లాండ్స్‌లో బాధ మొదలై నెల కూడా కాని 205 మందిని మూడు జట్లుగా చేసి ఒక జట్టుకు కాలర్, ఇంకో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చి, మూడో జట్టును ఊరికే గమనించారు. ఆరు వారాలకు మొదటి రెండు జట్లకూ చేతి నొప్పి ఎక్కువగా తగ్గింది. ఆరు నెలలకు మూడు జట్లూ ఒకటే. 2009లో వచ్చిన ఈ ఫలితాన్ని కాలర్ అమ్మేవారు సగమే చదువుతారు. అందులో కాలర్ పూర్తిగా వాడింది మూడు వారాలు, తర్వాత మూడు వారాల్లో మెల్లగా మాన్పించారు. మన దగ్గర నెలల తరబడి మెడకు వేలాడేసుకుని తిరిగేవారికి మెడ కండరాలు నీరసపడడమే మిగులుతుంది.

మెడను పైకి లాగే ట్రాక్షన్ సంగతీ అలాంటిదే. 86 మందితో జరిపి 2014లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో వ్యాయామాలకు యంత్రంతో చేసే ట్రాక్షన్ తోడైన జట్టుకు ఆరు నెలలు, ఏడాది తర్వాత మెడ, చేతి ఇబ్బంది తక్కువగా ఉంది. తలుపుకు తగిలించుకుని ఇంట్లో చేసుకునే ట్రాక్షన్‌కు అంత ఫలితం రాలేదు. గమనించాల్సిందేమంటే అన్ని జట్లూ వ్యాయామం చేశాయి. గడ్డాన్ని మెల్లగా లోపలికి ఆనించి మెడ లోతు కండరాలను పనిలోకి దింపడం, భుజం రెక్కలను వెనక్కి లాగి నిలపడం, నరాన్ని సాగదీయకుండా ముందుకూ వెనక్కూ జారనిచ్చే కదలికలు. ఇవే పునాది. యంత్రాల కింద పడుకోబెట్టి 'కరెంటు' పెట్టడంతో సరిపెట్టే చికిత్సకు అంత బలమైన ఆధారాలు లేవు. చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే నొప్పి తగ్గే రోగులుంటారు. నరం మీద లాగుడు తగ్గుతుంది కాబట్టి అది వారికి దొరికిన సొంత వైద్యం. రాత్రి పడుకునేటప్పుడు చేతిని దిండు మీద ఎత్తులో పెట్టుకోమనడం కూడా ఈ కిటుకే.

ఆ తర్వాత చేతి వంతు. దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. చపాతీ పిండి ముద్దను పిసకడం, చిటికెలతో తుంచడం. తడి గుడ్డను రెండు చేతులా పిండడం. బియ్యం పోసిన గిన్నెలో నాణేలు, శనగలు దాచి కళ్లు మూసుకుని వేళ్లతో వెతికి తీయడం మొద్దుబారిన వేళ్లకు మంచి పని. బట్టలారేసే క్లిప్పులు తీసి పెట్టడం చిటికె పట్టుకు, అయిదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరవడం ఏడో మూలం దెబ్బతిన్నవారికి. మూర మూరకూ తేడా ఉన్నట్టే వృత్తి వృత్తికీ అభ్యాసం మారాలి. దర్జీకి కత్తెర, ఫిట్టర్‌కు పానా, హమాలీకి కొక్కెం. కండరం అలసి వణకడం మొదలయ్యేదాకా తోమడం మంచిది కాదు. నరం కోలుకుంటున్న దశలో తక్కువసార్లు చేసి, రోజులో ఎక్కువ విడతలుగా పంచుకోవాలి. చేస్తుండగా చేతిలోకి తిమ్మిరి దిగితే, అది అరగంటైనా పోకపోతే, ఆ కదలిక తగ్గించాలి.

ఆపరేషన్ చేయించుకుంటే ఈ బాధంతా తప్పుతుంది కదా అనిపించవచ్చు. స్వీడన్‌లో 81 మందిని ఆపరేషన్, ఫిజియోథెరపీ, కాలర్ జట్లుగా విడదీసి చూసిన పరిశోధన 1997లో వెలువడింది. సుమారు నాలుగు నెలలకు ఆపరేషన్ జట్టు నొప్పిలోను, కండర బలంలోను, స్పర్శలోను ముందుంది. మరో ఏడాది గడిచేసరికి ఆ తేడా దాదాపు మాయమైంది. తొందరగా పనిలోకి దిగాల్సినవారికి నాలుగు నెలలు చిన్న సంగతి కాదు, అది వేరే మాట. కానీ అత్యవసరం కాని కేసుల్లో ఆగి చూడడానికి వ్యవధి ఉందని మాత్రం తెలుస్తుంది.

ఆగి చూడకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు చేతులూ ఒకేసారి మొరటుబారడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, మెడ వంచితే వెన్ను వెంట షాక్ కొట్టినట్టుండడం. ఇవి నరం మూలానివి కావు, వెన్నుపామే నొక్కుకుంటోందని చెప్పే గుర్తులు. జపాన్ వైద్యులు 1987లో వివరించిన పరీక్ష ఒకటి ఎవరైనా చేసుకోవచ్చు. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా ముడిచి తెరవగలరో లెక్కపెట్టాలి. ఇరవై కంటే తక్కువైతే అనుమానించాలి. అలాంటివారికి ఫిజియోథెరపిస్ట్ మెడ మీద చెయ్యి వేయకుండా సర్జన్ దగ్గరకు పంపాలి. చేతి బలం రోజురోజుకీ దిగజారుతున్నా అంతే. జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నుపూసల క్షయ ఉందేమో చూడాలి. ఇక సెలూన్‌లో క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడ 'టక్'మనిపించుకునే సరదా ఈ రోగుల్లో ఎవరికీ పనికిరాదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. చిటికెన వేలు మొద్దుబారి, ఆ వైపు వేళ్లు వంగుతున్నాయంటే తప్పు మెడదే కానక్కర్లేదు. మోచేతి దగ్గర నరం లావెక్కి తగులుతుంటే, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. దేశం మొత్తం మీద కుష్ఠు పదివేలకు ఒకరి కంటే తక్కువకు దిగిందని 2005 చివర్లో లెక్క తేలినా, ఆ తర్వాత చాలా ఏళ్లు ఛత్తీస్‌గఢ్ ఆ గీత పైనే ఉండిపోయింది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఆలస్యమైతే పోయేది చెయ్యే. అలాగే రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. మెడలోనూ మణికట్టులోనూ ఒకే నరం రెండుచోట్ల దెబ్బతినే అవకాశాన్ని 1973లోనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. దాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

విచిత్రమేమంటే, మొద్దుబారిన చేతిని ఎలా కాపాడుకోవాలన్న విద్య మన దేశంలో బాగా ఎదిగింది కుష్ఠు వైద్యంలోనే. 1940ల చివర్లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అనే సర్జన్, వంకరపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి కుట్టడం మొదలుపెట్టారు. కొత్త చోట కుట్టిన కండరానికి కొత్త పని నేర్పాల్సింది ఫిజియోథెరపిస్టులే. వేళ్లు పోయేది జబ్బుతో కుళ్లి కాదని, నొప్పి తెలియక కాలి, కోసుకుపోవడం వల్లనని ఆయన చూపించారు. రాయ్‌పూర్ లాల్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కుష్ఠు శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకోవడం, పనిముట్టు పిడిని లావు చేసుకోవడం, రోజూ సాయంత్రం అరచేతిని వెలుగులో పరీక్షించుకోవడం లాంటి అక్కడి పాఠాలు మెడ నరం వల్ల స్పర్శ పోయిన కొలిమి కార్మికుడికీ అక్షరాలా వర్తిస్తాయి.

రాయ్‌పూర్‌లో వసతులు లేవని అనలేం. 1963లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధంగా అంబేద్కర్ ఆస్పత్రి ఉంది. తాటీబంద్‌లో ఎయిమ్స్ 2012 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఫిజియోథెరపీ కళాశాల ఊళ్లోనే ఉంది. చిక్కు వేరే చోట ఉంది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఆస్పత్రిలో చేరినవారి ఖర్చుకు పనికొస్తుంది. అంటే మెడ ఆపరేషన్‌కు దారి ఉంది. ఆరు వారాలపాటు వారానికి రెండుసార్లు వచ్చి వ్యాయామం నేర్చుకుని వెళ్లేవాడికి ఆ కార్డుతో పని లేదు. ప్రభుత్వాస్పత్రిలో రుసుము నామమాత్రమే అయినా, వచ్చిన ప్రతిసారీ సగం రోజు కూలి పోతుంది. మూడోసారికి మానేస్తాడు. రోగి శ్రద్ధ లేనివాడని కేసు కాగితం మీద రాసేయడం తేలిక.

రోజూ రమ్మనడం కంటే మొదటి రోజే నలభై నిమిషాలు కేటాయించి, నాలుగు కదలికలు చేయించి, చేయించినవి చేతకాకపోతే మార్చి, బొమ్మలున్న కాగితం ఇచ్చి పంపడం ఇలాంటివారికి మేలు. ఆ కాగితం హిందీలో ఉన్నా తెలుగులో ఉన్నా బొమ్మలు అర్థమవుతాయి. అడుగున రెండు గడులు చాలు. కుడి చెయ్యి ఎన్ని కిలోలు, ఎడమ చెయ్యి ఎన్ని కిలోలు. పక్కన తేదీ, దాని కింద రెండు వారాల తర్వాతి తేదీ.